చూపు పోయినా లెక్క తప్పని ఆయిలర్

గణితం అనగానే మనలో చాలామందికి భయం. కానీ కళ్ళు కనిపించని స్థితిలోనూ గణితాన్ని విడిచిపెట్టని మహానుభావుడు లియొనార్డ్ ఆయిలర్.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బేసెల్ నగరంలో జన్మించారు. తండ్రి చర్చి పాదిరి. కొడుకు కూడా పాదిరి కావాలని ఆయన కోరిక. ఆయిలర్ 13 ఏళ్ళకే బేసెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి గొప్ప గణితాచార్యుడు యోహాన్ బెర్నౌలీ, విడిగా పాఠం చెప్పే తీరిక తనకు లేదన్నారు. కఠినమైన పుస్తకాలు సొంతంగా చదువుకొని, అర్థం కానివి మాత్రం శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు. వారం పొడుగునా తనే కుస్తీ పట్టి, వీలైనంత తక్కువ సందేహాలతో వెళ్ళడం ఆయిలర్‌కు అలవాటైంది.

1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు. 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మారు. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపారు. కొన్నేళ్ళకే కుడికన్ను చూపు పోయింది. 1741 నుంచి 1766 వరకు బెర్లిన్‌లో పనిచేసి మళ్ళీ రష్యా వచ్చాక ఎడమకంటికి శుక్లం కమ్మింది. 1771లో ఆపరేషన్ చేసినా చూపు నిలవలేదు. ఆ ఏడాదే ఇల్లు అగ్నికి ఆహుతైంది. పీటర్ గ్రిమ్ అనే వ్యక్తి ఆయన్ను భుజాన వేసుకొని బయటికి తెచ్చాడు.

అంతటి కష్టంలోనూ 1772లో ఆయన ఒక అద్భుతాన్ని ప్రకటించారు. 31 రెండ్లను గుణించి, ఒకటి తీసివేస్తే 2147483647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య! దీని వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకు ఉన్న సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే ఎంత కాలం పడుతుంది? దీనికి కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని రావాలని ఆయిలర్ కనుగొన్నారు. దాంతో వేల భాగహారాలు 372కు మించకుండా తగ్గిపోయాయి. వాటిలో ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకు అంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియలేదు. నేడు కంప్యూటర్లలో 32 బిట్లలో ధన, రుణ పూర్ణసంఖ్యలను దాచే పద్ధతిలో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా ఇదే.

చూపు పోయాక ఆయన చెబుతుంటే ఇతరులు రాసేవారు. ఆయన బీజగణిత పుస్తకాన్ని రాసిపెట్టింది పూర్వం దర్జీ పని చేసిన ఒక యువకుడు. రాస్తూ రాస్తూనే అతను బీజగణితం నేర్చుకున్నాడని చెబుతారు. 1783 సెప్టెంబర్ 18న, చివరి రోజు కూడా లెక్కలు చేస్తూనే ఆయిలర్ కన్నుమూశారు.

మిత్రులారా! ట్యూషన్‌కు వెళ్ళే స్తోమత లేదని మనం దిగులుపడనక్కర్లేదు. స్టడీ అవర్‌లో ముందు మనమే ప్రయత్నిద్దాం. మిగిలిన సందేహాన్ని సిగ్గుపడకుండా సార్‌ను అడుగుదాం. ఆయిలర్ ఎదిగిన దారి అదే.