పట్టాలు తిరిగి తెచ్చిన బాలయోగి

పిల్లలూ! మన బిలాస్‌పూర్‌లో రైలు కూత వినకుండా ఏ రోజూ గడవదు. నెహ్రూ నగర్‌లో ఉన్నా, రైల్వే కాలనీలో ఉన్నా మనకు రైలంటే ఇంట్లో మనిషి లాంటిది. బదిలీ కాగితం వచ్చిందంటే సామాను సర్దుకుని ఆ రైలే ఎక్కుతాం. ఎన్నో ఊళ్లు తిరిగిన మాకు కూడా ఇది అలవాటే.

ఒకరోజు తరగతిలో ఆంధ్రప్రదేశ్ పటం మీద గోదావరి పాయలను చూపిస్తున్నాం. కోనసీమ మీద రైలు గీత ఎందుకు లేదని ఒక విద్యార్థి అడిగాడు. దానికి జవాబుగా మేము ఒక మనిషి కథ చెప్పాం. ఆయన పేరు గంటి మోహనచంద్ర బాలయోగి.

ముందు ఆ రైలు దారి సంగతి వినండి. కాకినాడ నుంచి గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లి వరకు 1928లో ఒక రైలు మార్గం వేశారు. పొడవు సుమారు 45 కిలోమీటర్లు. వరిచేల మధ్య నుంచి, పంట కాలవలు దాటుకుంటూ, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా రైలు వెళ్లేది. కోటిపల్లిలో దిగి పడవ ఎక్కితే ఆవలి ఒడ్డు కోనసీమ. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ అవసరాల కోసం 1940లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ పట్టాలను ఊడదీసి తీసుకుపోయింది. రైలు ఎక్కిన పెద్దలకు ఆ రైలు జ్ఞాపకంగా మిగిలింది. తర్వాత పుట్టిన పిల్లలకు అది ఒట్టి కథ అయింది.

అలా తర్వాత పుట్టిన వారిలో బాలయోగి ఒకరు. 1951 అక్టోబర్ 1న ఎదుర్లంక అనే లంక గ్రామంలో, ఒక పేద దళిత కుటుంబంలో జన్మించారు. ఊళ్లో బడి లేదు. పక్క ఊరు గుత్తెనదీవికి వెళ్లి చదువుకున్నారు. పై చదువులకు కాకినాడ, ఆ తర్వాత న్యాయశాస్త్రానికి విశాఖపట్నం. ఎదుర్లంక ఎదురుగా, గౌతమీ పాయకు ఆవలి ఒడ్డున యానాం కనిపిస్తూనే ఉంటుంది. కాని వంతెన లేదు. పడవ దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి పోవాలి. వరద వచ్చినప్పుడు పడవ ఆగిపోతే చదువూ ఆగుతుంది, వైద్యమూ ఆగుతుంది. ఆ కష్టం ఆయనకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు.

1980లో కాకినాడలో న్యాయవాదిగా పని మొదలుపెట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది. అది కూడా మన ఇళ్లలోలాగే బదిలీల ఉద్యోగం. కొద్దికాలానికే దాన్ని వదిలి కాకినాడకు తిరిగి వచ్చేశారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో ఓడిపోయారు. అయినా నిరాశ పడలేదు. ముమ్మిడివరం నుంచి శాసనసభకు వెళ్లి రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ లోక్‌సభకు గెలిచారు. ఆ మార్చి 24న, 46 ఏళ్ల వయసులో, స్పీకర్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్‌లో ఒకే ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం పడిపోయిన రోజున సభను నడిపింది కూడా ఆయనే. ఆ ఏడాది అక్టోబరులో సభ మళ్లీ ఆయననే స్పీకర్‌గా ఎన్నుకుంది.

అంత ఎత్తుకు వెళ్లినా ఆయన మనసు గోదావరి ఒడ్డునే ఉంది. తాను చిన్నప్పుడు దాటిన పాయ మీద యానాం–ఎదుర్లంక వంతెన కోసం పట్టుబట్టారు. తాను ఎన్నడూ చూడని కోటిపల్లి రైలును తిరిగి తేవడానికి పూనుకున్నారు. అక్కడితో ఆగకుండా, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త దారిని 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరు చేయించారు.

2002 మార్చి 3న భీమవరం నుంచి తిరిగి వస్తుండగా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ఒక చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగి మరణించారు. వయసు 50 ఏళ్లు. అదే ఏడాది వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. దానికి ఆయన పేరే పెట్టారు. 2004లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు మళ్లీ వెళ్లింది. ఒకే పెట్టె ఉన్న చిన్న రైలు బస్సు అది. 64 ఏళ్ల తర్వాత వచ్చిన ఆ బండిని చూడటానికి ఆయన లేరు. నరసాపురం దారి పని ఇంకా సాగుతూనే ఉంది. గౌతమి, వైనతేయ, వశిష్ట అనే మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి మరి.

పిల్లలూ! మనకు దగ్గరలోని రాయ్‌పూర్–ధమ్తరి చిన్న రైలు కూడా ఇప్పుడు లేదు. పెద్ద పట్టాలు వేయడానికి దాన్ని ఆపేశారు. దాన్ని తలుచుకుని ఇక్కడి పెద్దలు బెంగపడటం మీరు వినే ఉంటారు. బెంగ తప్పు కాదు. మనం కూడా ఒక్కో ఊరు విడిచినప్పుడు బెంగ పెట్టుకుంటాం. అయితే పోయినదాన్ని తలుచుకోవడం ఒక పని, దాన్ని తిరిగి తేవడానికి పూనుకోవడం ఇంకో పని. బాలయోగి రెండో పని చేశారు, అదీ తాను ఎక్కని రైలు కోసం. రేపు మీరు ఏ ఊళ్లో స్థిరపడినా, మీ సొంత ఊరికి ఏ దారి లేదో గుర్తు పెట్టుకోండి.