ఆదిభట్ల నారాయణదాసు: ఒంటితోనే ఐదు తాళాలు.. సింథసైజర్ చేసే పనిని ముందే చేసి చూపించిన విజయనగరం హరిదాసు

మాడుగులలో మోదకొండమ్మ జాతర కావొచ్చు, చోడవరంలో పెళ్లి రిసెప్షన్ కావొచ్చు. స్టేజ్ మీద ఆర్కెస్ట్రా ఉందంటే కీబోర్డు ఉండాల్సిందే. ఇప్పుడు చాలామంది కీబోర్డు పక్కన ల్యాప్‌టాప్ కూడా పెట్టుకుంటున్నారు. వయొలిన్, వీణ, సన్నాయి.. అన్నీ అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ సింథసైజర్ నుంచే వస్తాయి. చాలా సింథసైజర్లలో స్క్రీన్ మీద ఓ మూల చిన్న అంకె ఒకటి కదులుతూ ఉంటుంది. ఒకసారి 8, ఒకసారి 23, మళ్లీ 5. పాట వినేవాళ్లకి దాంతో పనిలేదు. వాయించేవాళ్ల ప్రాణం మాత్రం దాని మీదే ఉంటుంది.

ఆ అంకె ఏం చెప్తుందంటే, ఈ క్షణంలో ఎన్ని స్వరాలు మోగుతున్నాయో. సింథసైజర్ లెక్కలో మోగే ఒక్కో స్వరం ఒక వాయిస్. మీట నొక్కగానే సాఫ్ట్‌వేర్ ఖాళీగా ఉన్న వాయిస్‌ని వెతికి ఆ స్వరాన్ని దానికి అప్పగిస్తుంది. మీట వదిలేస్తే పని అయిపోయినట్టు కాదు. గంట కొట్టాక మోత మెల్లగా తగ్గినట్టు ఆ స్వరం కాసేపు సాగుతుంది. పూర్తిగా ఆగిపోయాకే ఆ వాయిస్ మళ్లీ ఖాళీ అయినట్టు లెక్క. అన్నీ నిండిపోయి ఉన్నప్పుడు కొత్త మీట పడితే? చాలా సాఫ్ట్‌వేర్లు అన్నింటికంటే పాతదాన్నో, బాగా సన్నగా వినిపిస్తున్నదాన్నో ఆపేసి, దాని చోటు కొత్త స్వరానికి ఇస్తాయి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఆర్కెస్ట్రా వాళ్లకి బాగా తెలుసు. మీట వదిలేసిన సంగతి సాఫ్ట్‌వేర్‌కి అందకపోతే ఆ స్వరం ఆగదు. పాట అయిపోయినా కుయ్‌మని మోగుతూనే ఉంటుంది. పెళ్లికొడుకు తాళి కట్టే టైంలో అలా జరిగితే ఇక చెప్పక్కర్లేదు.

అంటే ఇక్కడ రెండు పనులు ఉన్నాయి. ఒకటి, ఏ స్వరం ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోవడం. రెండు, అడిగినప్పుడు తప్పు లేకుండా చెప్పడం. ఈ రెండు పనులనీ కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లో చేతులు, కాళ్లు, గొంతుతో చేసి చూపించిన మనిషి మన ఉత్తరాంధ్రలోనే పుట్టారు. ఆయనే హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు.

అజ్జాడ కుర్రాడు

1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ అనే పల్లెలో పుట్టారు. తల్లి లక్ష్మీ నరసమ్మ, తండ్రి వెంకట చయనులు. పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అన్నది తర్వాత స్థిరపడిన పేరు. అప్పట్లో అజ్జాడ, విజయనగరం, మాడుగుల అన్నీ ఒకే విశాఖపట్నం జిల్లా. విజయనగరం విడిగా జిల్లా అయ్యింది 1979లోనే.

చిన్నప్పుడే భాగవతం పద్యాలు నోటికి వచ్చేవట. చదువు కోసం విజయనగరం చేరాక ఇంగ్లిష్ చదువూ ఒంటబట్టింది. ఆ రోజుల్లో విజయనగరం అంటే మామూలు ఊరు కాదు. ఆనంద గజపతి రాజు కొలువు, కాలేజీ, పండితులు, గాయకులు.. ఆయనకంటే రెండేళ్లు పెద్దవాడైన గురజాడ అప్పారావు కూడా ఆ ఊళ్లోనే ఉన్నారు.

1883. కుర్రాడికి 19 ఏళ్లు. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో హరికథ చెప్పారు. అది విన్నాక ఈ కుర్రాడికి ఇక వేరే దారి కనిపించలేదు. వెంటనే ధ్రువ చరిత్ర సొంతంగా రాసుకుని, సొంతంగా చెప్పేశారు. ఆ తర్వాత మొత్తం జీవితం అదే.

హరికథ చూడని ఈ తరం వాళ్ల కోసం ఒక్క మాట. స్టేజ్ మీద కథ చెప్పేది ఒకే మనిషి. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. పాడాలి, ఆడాలి, కథ చెప్పాలి, మధ్యలో పిట్టకథ వేసి నవ్వించాలి, మళ్లీ సరిగ్గా వదిలిన చోటు నుంచే అందుకోవాలి. మైకులు లేవు. నారాయణదాసు గొంతు వేలమంది జనంలో చివరి వరస దాకా వినిపించేదని చెప్పుకుంటారు. మద్రాసు, మైసూరు దాకా వెళ్లి కథలు చెప్పి వచ్చారు.

అసలు ఆ ఐదు తాళాల సంగతేంటి?

ఆయనకున్న బిరుదుల్లో పంచముఖి పరమేశ్వర అన్నది ఒకటి. రెండు కాళ్లు, రెండు చేతులు, తల.. ఒక్కోదానితో ఒక్కో తాళం. మొత్తం ఐదు తాళాలు ఒకేసారి వేస్తూ పల్లవి పాడేవారని చెప్తారు. వినడానికి అతిశయోక్తిలా ఉంటుంది. అందుకే కాస్త లెక్క వేసి చూడాలి.

కర్ణాటక సంగీతంలో ఐదు జాతులు ఉంటాయి. తిస్రం 3, చతురస్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. ఈ ఐదింటినీ ఒకేసారి మొదలుపెట్టి, ఒకే వేగంతో లెక్కపెడుతూ పోయామనుకుందాం. మూడు లెక్క మూడుకోసారి మొదటికి వస్తుంది, నాలుగు లెక్క నాలుగుకోసారి వస్తుంది. ఐదూ కలిసి మళ్లీ ఒకే దెబ్బ మీద మొదటికి రావాలంటే? 1260 దెబ్బలు పడాలి. సెకనుకు రెండు దెబ్బల చొప్పున వేసినా పదిన్నర నిమిషాలు. ఈలోగా ఎక్కడ ఒక్క దెబ్బ తప్పినా చివర్లో కలవదు. ఆయన సరిగ్గా ఈ ఐదింటినే వేసేవారని కాదు. పని ఎంత పెద్దదో తెలియడానికి ఇది ఒక లెక్క.

సాఫ్ట్‌వేర్‌కి ఇది సమస్యే కాదు. ప్రతి వాయిస్‌కి విడివిడిగా ఒక లెక్క పెట్టుకుంటుంది. మనిషి బుర్రలో ఐదు గడియారాలు విడివిడిగా తిరగవు. డ్రమ్స్ నేర్చుకున్న ఎవర్ని అడిగినా చెప్తారు.. చేతులు, కాళ్లు వేరువేరుగా ఆడటం అంటే నిజానికి ఆ దెబ్బలన్నీ కలిపి ఒకే పెద్ద అల్లికగా నేర్చుకోవడం. అలా ఆలోచిస్తే పంచముఖి కూడా విపరీతమైన సాధనతో బట్టీ పట్టొచ్చేమో అని అనుమానం రావడం సహజమే. రావాలి కూడా.

ఆ అనుమానానికి జవాబు ఆయన అవధానాల్లో ఉంది. అష్టావధానం అంటే తెలిసిందే. చుట్టూ పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి మధ్యమధ్యలో అందిస్తారు. ఇంకొకరు ఎప్పుడు పడితే అప్పుడు గంట కొడతారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. నారాయణదాసు దీనికి సంగీతాన్ని కలిపారు. రెండు కాళ్లతో రెండు తాళాలు, రెండు చేతులతో మరో రెండు, నోటితో పల్లవి. దాంతోపాటే గంటల లెక్క, అక్షరాల లెక్క, అడిగిన పద్యం. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది. సభలో వాళ్లు ఎక్కడ అడిగితే అక్కడికి సరిపోయేలా ముక్తాయి వేసి తాళాన్ని ముగించాలి.

ముక్తాయి ఎక్కడ పడాలో ముందుగా తెలియదు. అడిగేది ఎదుటివాడు. ఆ అడిగిన క్షణంలో కుడి కాలి తాళం ఎన్నో దెబ్బ మీద ఉంది, ఎడమ చేతి తాళం ఎన్నో దెబ్బ మీద ఉంది అన్నది తెలిస్తేనే మిగిలిన దూరం లెక్కగట్టి ముగింపు వేయగలరు. బట్టీ పట్టిన అల్లిక ఇక్కడ చాలదు. ఐదు తాళాలు వేయడం చూసి జనం చప్పట్లు కొట్టి ఉంటారు కానీ, అసలు విద్వత్తు ఈ జవాబులోనే ఉంది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లోనూ గొడవంతా ఇక్కడే. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన మొదటి మ్యూజిక్ ప్రోగ్రామ్ ఒక్క వాయిస్‌నే వాయించగలిగింది. ఒక్కటే అయితే గుర్తుపెట్టుకునేదేముంది? 1978లో ప్రాఫెట్-5 అనే సింథసైజర్ వచ్చింది. పేరులోనే ఉంది, ఐదు వాయిస్‌లు. ఏ మీటకు ఏ వాయిస్ ఇవ్వాలో చూసుకోవడానికి దాంట్లో ఒక మైక్రోప్రాసెసర్ పెట్టారు. పంచముఖికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, అంకె కలిసిందంతే. 1983లో వచ్చిన మిడి పద్ధతితో మీట నొక్కిన, వదిలిన కబుర్లను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పంపడం కుదిరింది. అయితే మిడి చెప్పేది మీట సంగతి మాత్రమే. వదిలాక ఆ స్వరం నిజంగా ఎప్పుడు ఆగిందో అవతలి యంత్రానికి తెలియదు. 2022లో వచ్చిన క్లాప్ అనే ప్లగిన్ పద్ధతిలో దానికీ ఏర్పాటు చేశారు. మొత్తం ఎన్ని వాయిస్‌లకు చోటు ఉంది, ఇప్పుడు పెట్టిన ధ్వని ఎన్ని వాడగలదు అన్నది సింథసైజర్ చెప్పొచ్చు. ఒక్కో స్వరం పూర్తిగా ముగియగానే అయిపోయిందని కబురు పంపాలి. గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో వచ్చింది, సరిగ్గా చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది.

ప్రిన్సిపాల్ గారు

1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి రాజు సంగీత పాఠశాల పెట్టారు. ఇప్పుడు అందరూ మహారాజా సంగీత కళాశాల అంటున్నది దాన్నే. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు. అదే ఏడాది వయొలిన్ నేర్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. చూపు సరిగా ఆనకపోయినా, చెవి మాత్రం అద్భుతం. ఒకే కప్పు కింద ఆ ఇద్దరూ పాఠం చెప్పిన రోజుల్లో అక్కడ చదువుకున్నవాళ్ల అదృష్టం మామూలుది కాదు. 1936లో నారాయణదాసు తర్వాత ఆ కుర్చీలోకి ద్వారం వారే వచ్చారు. తర్వాతి రోజుల్లో ఘంటసాల, పి. సుశీల కూడా ఆ కాలేజీలో చదువుకున్నవాళ్లే.

రాతలో కూడా ఆయన ఒకేసారి చాలా పనులు పెట్టుకునేవారు. ఒకే రచనలో 90 రాగాలు వచ్చేలా దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కట్టారు. ఇక్కడా అదే తలనొప్పి.. ఏ రాగం అయిపోయింది, ఏది మిగిలింది అన్న లెక్క తప్పకూడదు. ఉమర్ ఖయ్యాం రుబాయిలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి రెండింటిలోకీ మార్చారు. దానికి ఫారసీ కూడా నేర్చుకున్నారు. ఆ పుస్తకం 1932లో వచ్చింది. షేక్‌స్పియర్‌ని, కాళిదాసుని పక్కపక్కన పెట్టి నవరస తరంగిణి రాశారు. యథార్థ రామాయణం, అంబరీష చరిత్ర, రుక్మిణీ కల్యాణం లాంటి హరికథలు సరేసరి. వీణ కూడా వాయించేవారు. తన జీవితాన్ని నా యెఱుక అనే పేరుతో రాసుకున్నారు కానీ, అది యౌవనం దాకా వచ్చి ఆగిపోతుంది. సంగీత కళాశాల రోజుల గురించి ఆయన మాటల్లోనే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

ఆయన హరికథలు పుస్తకాల్లో ఉన్నాయి, ఇప్పుడూ చెప్పేవాళ్లు ఉన్నారు. ఐదు తాళాల విద్య మాత్రం అలా కాగితం మీద మిగిలేది కాదు. ఏ కాలికి ఏ తాళం అన్నది రాసి పెట్టొచ్చు. నాలుగు తాళాలు నడుస్తుండగా ఎవరో ఏదో అడిగితే, ఆ క్షణంలో అన్నీ ఎక్కడున్నాయో తెలుసుకుని జవాబు చెప్పడం ఎలా రాస్తారు? తర్వాత కూడా సంగీతంలో అవధానం చేసిన విద్వాంసులు ఉన్నారు. అయినా పంచముఖి అనగానే ఇప్పటికీ తెలుగువాళ్లకు గుర్తొచ్చే పేరు ఒక్కటే.

1945 జనవరి 2న నారాయణదాసు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్ మొదటి స్వరం పలకడానికి ఇంకా 12 ఏళ్లు ఉంది.

విజయనగరంలో ఆ సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు సరళీ స్వరాలు పాడుతూ తొడ మీద ఆది తాళం వేస్తారు. ఒక చేత్తో, ఒకే తాళం. మొదట్లో అదే తప్పుతుంది.