చేనుదాకా నడిచిన లెక్క: ప్రొఫెసర్ మహలనోబిస్

మన సంఘం సమావేశాలకు వచ్చినప్పుడల్లా జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. డిగ్రీలో డేటా అనలిటిక్స్ తీసుకుంటే ఏం ఉద్యోగాలు వస్తాయి, జీతం ఎలా ఉంటుంది అని. అంకెలతోనే ముప్ఫై ఐదేళ్లు గడిపి రిటైరైనవాణ్ణి కదా, నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. జవాబు చెప్పే ముందు నేను వాళ్లకు ఒక మనిషి కథ చెబుతాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి అడిగితే ఆ కథే రాద్దామనిపించింది.

ఆయన ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1912లో ఫిజిక్స్ ఆనర్స్‌తో బీఎస్సీ పూర్తిచేశారు. మరుసటి ఏడు ఇంగ్లండ్ వెళ్లారు. కేంబ్రిడ్జి చూసి వద్దామని వెళ్లి, ఆఖరి రైలు తప్పిపోయి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. ఆ ఊరు నచ్చి కింగ్స్ కాలేజీలో చేరారు. శ్రీనివాస రామానుజన్ కూడా ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలోనే ఉండేవారు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు.

1915లో చదువు పూర్తయింది. కొన్నాళ్లు ఇంటికి వచ్చి వెళదామనుకుంటే, యుద్ధం వల్ల ఓడ ప్రయాణం ఆలస్యమైంది. ఆ ఖాళీలో కాలేజీ లైబ్రరీలో కూర్చుంటే, మెకాలే అనే ట్యూటర్ ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించారు. జీవశాస్త్రాన్ని స్టాటిస్టిక్స్‌తో పరిశీలించే పత్రిక అది. మహలనోబిస్ మొత్తం సెట్టు కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చారు. మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి చదువు కొనసాగించలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో స్టాటిస్టిక్స్ నేర్చుకున్నారు. అప్పటికి మన దేశంలో ఆ సబ్జెక్టుకు డిగ్రీ కోర్సు లేదు, దాన్ని చదివితే వచ్చే ఉద్యోగమూ లేదు.

1922లో ఉత్తర బెంగాల్‌ను, 1926లో ఒడిశాను వరదలు ముంచెత్తాయి. ఒడిశాలో నదుల అడుగు మేట వేసి పైకి లేచిందని, కరకట్టలు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అభిప్రాయపడ్డారు. మహలనోబిస్ దాదాపు అరవై ఏళ్ల వర్షపాతం, నీటిమట్టం లెక్కలు ముందు వేసుకుని కూర్చున్నారు. నది అడుగు చెప్పుకోదగినంత పెరగలేదని, ఎగువన కురిసిన అధిక వర్షమే కారణమని తేల్చారు. ఎగువన నీటిని ఆపాలన్నారు. తరువాత మహానదిపై కట్టిన హీరాకుడ్ ఆనకట్టకు ఆ లెక్కలు కూడా ఒక ఆధారమయ్యాయి.

1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ విభాగమే దాని చిరునామా. మొదటి ఏడాది అయిన ఖర్చు 238 రూపాయలు. 1933లో సంఖ్య అనే పత్రిక మొదలుపెట్టారు. ఎన్నో కొలతలను ఒకేసారి చూసి, ఒక గుంపు మరో గుంపుకు ఎంత దూరంలో ఉందో చెప్పే సూత్రాన్ని 1936లో వివరంగా ప్రచురించారు. మహలనోబిస్ దూరం పేరుతో డేటా అనలిటిక్స్ విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేది అదే.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది మాత్రం ఆయన జనపనార సర్వే. బెంగాల్‌లో ఎంత భూమిలో జనపనార వేశారో తెలుసుకోవడానికి ప్రతి చేనూ కొలవనక్కరలేదని, పద్ధతి ప్రకారం ఎంచుకున్న కొన్ని చేలు చూస్తే చాలని 1937 నుంచి ప్రయోగాలు చేసి చూపించారు. అయితే అంకెలు రాసేవాళ్లు మనుషులే కదా. పొరపాటు చేయొచ్చు, బద్ధకించొచ్చు. అందుకని ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలకు విడివిడిగా అప్పగించేవారు. ఒకరి అంకెలు ఒకరికి తెలియవు. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో బయటపడుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. 1986 ఖరీఫ్‌లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు పంటకోత ప్రయోగాల పని ఇచ్చారు. ఎంపికైన వరిచేనులో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి, ఆ మేర కోయించి, నూర్పించి, గింజలు తూచాలి. ఒక ఊళ్లో చేను దూరం, దారంతా బురద. నేను రచ్చబండ దగ్గరే ఆగిపోయి, నలుగురినీ అడిగి, దిగుబడి అంచనా వేసి ఫారం నింపేశాను. నాకు తెలియకుండా తనిఖీకి వెళ్లిన మా పై అధికారికి ఆ చేలో పైరు కోయకుండా నిలబడి కనిపించింది.

ఆయన నన్ను అందరి ముందూ నిలదీయలేదు. ఆ సాయంత్రం గదిలో కూర్చోబెట్టి మహలనోబిస్ రెండు బృందాల సంగతి చెప్పారు. ఇలాంటి తూకాల సగటు మీదే ఆ ప్రాంతంలో రైతులకు పంట బీమా పరిహారం తేలుతుందని గుర్తుచేశారు. మర్నాడు ఆ బురదలోనే నడిచి వెళ్లాను. పైరు కోయించి తూచాను. నా అంచనా కంటే తూకం బాగా తక్కువ వచ్చింది. ఎవరి నోటి కూడు నేను తీసేయబోయానో ఆ రోజు తెలిసింది. ఈ మాట ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు.

స్వతంత్రం వచ్చాక మహలనోబిస్ పద్ధతి దేశమంతటికీ విస్తరించింది. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఇల్లిల్లూ తిరిగి జనం ఏం తింటున్నారో, దేనికి ఎంత ఖర్చు పెడుతున్నారో రాసుకునే పని అది. 1956లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కంప్యూటర్‌ను ఆయన సంస్థలోనే నెలకొల్పారు. మన దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. రెండో పంచవర్ష ప్రణాళికకు ఆయన నమూనాయే ఆధారం. భారీ పరిశ్రమలకు అంత పెద్దపీట వేయడాన్ని తప్పుపట్టినవారూ ఉన్నారు.

మన తెలుగువారికి ఆయనతో దగ్గరి సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎమ్మే చేసిన సి.ఆర్.రావు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, ఆ సంస్థ గురించి విని 1941లో అక్కడ శిక్షణలో చేరారు. అదే ఏడు కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదలైతే అందులోనూ చేరి ప్రథముడిగా నిలిచారు. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చదువుకుంటోంది. ఉద్యోగం దొరకని కుర్రాడికి చదువు దారి చూపించింది మహలనోబిస్ నిలిపిన ఆ సంస్థే.

1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు మహలనోబిస్ కన్నుమూశారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక పిల్లల ప్రశ్నకు జవాబు. దారులు చాలా ఉన్నాయి. ఆ సంస్థలో బీస్టాట్, ఎంస్టాట్ చదవొచ్చు, ప్రవేశపరీక్ష రాయాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, మందుల పరీక్షల ఫలితాలు విశ్లేషించే కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు ఉన్నాయి. లెక్కలు, ప్రోగ్రామింగ్ రెండూ గట్టిగా నేర్చుకోండి. కానీ కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రతి అంకె వెనుకా ఒక చేను, ఒక ఇల్లు ఉంటాయి. ఆ అంకె ఎవరు రాశారు, అక్కడికి వెళ్లి చూసే రాశారా అని అడగడం కూడా నేర్చుకోండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. వచ్చే జూన్ 29న పదో తరగతి పిల్లల చేత మన బడి చుట్టూ ఉన్న ఇళ్లలో ఒక చిన్న సర్వే చేయించండి. రెండు బృందాలుగా పంపండి. నడవడానికి నేనూ వస్తాను.