తండ్రికి పాటతో తిథి – తాళ్ళపాక పెద తిరుమలాచార్యులు

ఫాల్గుణ బహుళ ద్వాదశి తాళ్ళపాకవారి వంశమునకు పితృతిథి. దుందుభి నామ సంవత్సరమున ఆ దినముననే, అనగా క్రీ.శ. 1503 ఫిబ్రవరి 23వ తేదీన, అన్నమాచార్యులు శ్రీనివాసుని పాదసన్నిధిని చేరిరి. తండ్రికి పిండోదకములను సమర్పించు కుమారులు లోకమున అనేకులు గలరు. ఆ తండ్రినే పాటతో ఆహ్వానించి, ఇంట విందారగింపుమని వేడిన కుమారుడు మాత్రము అరుదు. అట్టి ధన్యుడు పెద తిరుమలాచార్యులు.

కడప సీమయందు రాజంపేట చేరువనున్న తాళ్ళపాక వీరి వంశమునకు మూలస్థానము. చెన్నకేశవస్వామి ఆ గ్రామదైవము. అన్నమాచార్యులకు తిరుమలమ్మ, అక్కలమ్మ అని యిరువురు ధర్మపత్నులు. సుభద్రాకల్యాణము రచించిన తిమ్మక్కగా ప్రసిద్ధురాలైన తిరుమలమ్మకు నరసింగన్న పుత్రుడు. పెద తిరుమలాచార్యులు అక్కలమ్మ గర్భమున జన్మించిరి. నల్లమలలో మహానంది కోనేటి తేటనీట స్నానమాడి అహోబిలమునకు పోవు యాత్రికులు ఒక విషయమును స్మరింపవలెను. అన్నమాచార్యులు అహోబిల మఠస్థాపకులైన ఆదివన్ శఠకోప యతీంద్రులకడ వేదాంతమభ్యసించిరి. ఆ గురుకృపయే తండ్రి మూలమున కుమారునకు సంక్రమించినది.

అన్నమాచార్యులు తమ పదునారవ యేట, క్రోధి సంవత్సరమున, అనగా 1424లో సంకీర్తనారచన ఆరంభించినట్లు రాగిరేకుల పీఠికయే చెప్పుచున్నది. నాటినుండి అవసానము వరకు, సుమారు 79 ఏండ్లు, ఆ గంగాప్రవాహము ఆగలేదు. వారు 32 వేల సంకీర్తనములు చెప్పిరని మనుమడైన చిన్నన్న తన ద్విపద చరిత్రమున వ్రాసియున్నాడు. చరమదశలో ఆ మహనీయుడు పెద తిరుమలాచార్యులను దరికి పిలిచి, దినమునకొక సంకీర్తనమునకైన తక్కువ గాకుండ స్వామికి సమర్పింపుమని ఆనతిచ్చినట్లును ఆ గ్రంథమే తెలుపుచున్నది.

ఈ ఆనతి వినుటకు చిన్నది, నెరవేర్చుటకు పెద్దది. పొలము పంచియిచ్చిన తండ్రి ఋణము పంటతో తీరును. పాటను పంచియిచ్చిన తండ్రి ఋణము పాటతో గాక మరి దేనితోను తీరదు. ఉత్సవమని, ప్రయాణమని, అనారోగ్యమని విడుపు కోరుటకు వీలులేని నిత్యవ్రతమది. పైగా లోకము ప్రతి పదమును తండ్రి పదముతో తూచి చూచును. పెద తిరుమలాచార్యులు ఆ భారమును తలదాల్చి, తండ్రి నడచిన అధ్యాత్మ, శృంగార మార్గములు రెండింటను సంకీర్తనములు రచించిరి.

ఆ సంకీర్తనములలో తండ్రి తిథినాటిది ఒకటి కలదు. పల్లవి, మూడు చరణములుగల చిన్న పాట. ఆనాటి తిథిని తండ్రికి జ్ఞాపకముచేసి, వైకుంఠమునుండి తమ యింటికి భోజనమునకు రమ్మని కుమారుడు అందు వేడుకొనును. ఒంటరిగా రమ్మనడు. అనంతగరుడాది నిత్యసూరులతో, నారదాది భాగవతులతో, ఆళ్వారులతో, తుదకు లక్ష్మీనాథునితోనే కూడి రమ్మనును.

శ్రాద్ధవిధి తెలిసినవారికి ఈ పాటలోని మర్మము సుబోధము. విశ్వేదేవతలను, పితృదేవతలను, విష్ణువును ఆవాహనచేసి భోక్తలను అర్చించుట శాస్త్రసిద్ధమైన క్రమము. మంత్రములతో కర్మ నడచిన యింటిలోనే, అదే ఆవాహనను కుమారుడు తన మాటలలో, తెలుగులో, రాగముతో చేసినాడు. పితృకార్యమనగానే గృహస్థునకు దుఃఖము తోచుట సహజము. ఈ పాటయందు ఆ దుఃఖచ్ఛాయ కానరాదు. దూరమునుండి తండ్రి వచ్చుచున్నాడన్న సంబరమే కానవచ్చును. నిత్యసూరులలో చేరినవానికై విలపించుట తగదని వైష్ణవసంప్రదాయము బోధించును. ఆ బోధను ఇంటి వాకిట నిలిచి ఆచరించి చూపిన పాట యిది.

మరియొక విశేషము గమనింపదగినది. తాళ్ళపాక కవులు మువ్వురును, అనగా తండ్రి, కుమారుడు, మనుమడు చిన తిరుమలాచార్యులు, తమ పాటలలో శ్రీవేంకటేశ్వరుని నామమునే ముద్రగా నిలిపిరి. ఎవరును తమ పేరు వేసికొనలేదు. కావున రేకుపై కర్తృనామము లేనిచో, ఏ పాట తండ్రిదో, ఏది కుమారునిదో పండితులకును తేల్చుట కష్టము. కీర్తికాముకుడైన కవికి ఇది నష్టముగా తోచును. పెద తిరుమలాచార్యులకు అదియే ఫలము. తన పాట తండ్రి పాటలో కలిసిపోవుటకంటె పుత్రుడు కోరదగినది వేరేమున్నది?

తాటాకు చెదలపాలగును, కంఠస్థమైనది కంఠముతో పోవును. ఇది యెరిగిన పెద తిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించు మహాకార్యమునకు పూనుకొనిరి. తమ పాటలను, తమ కుమారుని పాటలను పిదప చేర్చిరి. అవి రెండువేలకు పైబడిన రేకులు. తిరుమల ఆలయమున భాష్యకారుల సన్నిధి ప్రక్కన శిలామయమైన సంకీర్తన భాండారమున వానిని భద్రపరచిరి. స్వామి ఆభరణములకువలె పాటకును ఒక కోశాగారము ఏర్పడినది.

ఇంతటి కార్యమునకు ధనము వలయును. శ్రీకృష్ణదేవరాయల, అచ్యుతదేవరాయల కాలమున పెద తిరుమలాచార్యులు సంపన్నులై రాజసమ్మానము పొందిరి. వారు స్వామికి గ్రామములు సమర్పించి, నైవేద్యములకు, ఉత్సవములకు కట్టడులు చేసినట్లు తిరుమల తిరుపతి శాసనములు పెక్కు తెలుపుచున్నవి. తండ్రి రాజును కీర్తింపనని సంకెలలనైన సహించిరని చరిత్రము చెప్పుచుండగా, కుమారుడు రాజాదరము పొందుట ఆక్షేపణీయము కాదా యని కొందరు శంకింపవచ్చును. వచ్చిన సంపద ఎచ్చట చేరినదో చూచినచో శంక తొలగును. అది స్వామి నైవేద్యమునకును, తండ్రి పాటకును వినియోగపడినది.

వారు సంకీర్తనములతోనే ఆగలేదు. భగవద్గీతకు తెనుగు వచనము, వైరాగ్యవచనమాలికాగీతములు, నీతిసీసశతకము, సుదర్శన రగడ మున్నగునవి వారి కృతులు. సంతానమును ఆ వ్రతముననే పెరిగినది. చిన తిరుమలాచార్యులు తాతగారి సంస్కృత సంకీర్తనలక్షణమును తెనుగు చేసిరి. 1540లో శ్రీనివాసమంగాపురమున కల్యాణవేంకటేశ్వరుని ఆలయమును పునరుద్ధరించిరి. చిన్నన్న తాత చరిత్రమును ద్విపదగా రచించెను. తండ్రి తన తండ్రిని స్మరించిన తీరు చూచి పిల్లలు నేర్చిన పాఠమది.

కాలగతి విచిత్రము. 1565 యుద్ధానంతరము విజయనగర ప్రాభవము తగ్గినది. క్రమముగా ఆ పాటలలో అధికభాగము జనుల నాలుకలనుండి జారిపోయినది. 1816లో ప్రకటితమైన తన తెలుగు వ్యాకరణమున క్యాంబెల్ దొర తిరుపతి రాగిరేకులను ప్రస్తావించినను, అవి బహుకాలము చీకటిలోనే యుండెను. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పూనికతో అవి వెలుగుచూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వాని పరిష్కరణమున శ్రమించిరి. రేకులపై రాగము పేరు కలదు గాని స్వరము లేదు. తండ్రి పాడిన ఆ వరుస, కుమారుడు విన్న ఆ వరుస, మరల రాలేదు. శర్మగారు నూరుకు పైగా కీర్తనములకు స్వరములు కూర్చి, మూగవోయిన పాటకు మరల గొంతు నిచ్చిరి.

పోయినది వరుస, నిలిచినది మాట. ఆ మాటయైనను నిలిచినది ఒక పుత్రుడు రాగిపై దానిని కాపాడినందువలననే. నేడు ప్రతి వైష్ణవగృహమున వినవచ్చు అన్నమయ్య పదము వెనుక ఆ పుత్రుని పితృభక్తి దాగియున్నది.

అందరికిని పదము కట్టు శక్తి యుండదు. రాగిరేకులు చెక్కించు భాగ్యమును ఉండదు. అయినను ప్రతి యింట తల్లి పాడిన మంగళహారతి యొకటి, తండ్రి అనుసంధించిన పాశుర మొకటి యుండును. తిథినాడు బ్రాహ్మణభోజనానంతరము పిల్లలను కూర్చుండబెట్టి, దానిని వారికి నేర్పి, ఒక పుస్తకమున వ్రాయించినచో, అది తాళ్ళపాకవారి భాండారమునకు ఒక చిన్న రేకు చేర్చినట్లగును. పిలిచినచో పెద్దలు వత్తురు. వారితోకూడ పెరుమాళ్ళును వేంచేయును. శుభమస్తు.