మంగమ్మ ఎవరితో మాట్లాడాలి?

మదురై రైల్వే స్టేషన్ ఎదురుగా మంగమ్మ సత్రం ఉంది. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు దాని ముందు నడిచానో లెక్కలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాలాంటి వాళ్లకు ఆమె పరాయి రాణి కాదు, మా మంగమ్మే. అందుకే ఈసారి శాఖ వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయానికి ఆమెనే ఎంచుకున్నాను. స్వగతం రాయడానికి కూర్చున్నాక గానీ కష్టం తెలియలేదు.

మంగమ్మ తుపాకుల లింగమ నాయకుడి కూతురు, మదురై నాయకరాజు చొక్కనాథుడి భార్య. 1682లో ఆయన పోయాడు. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప ఇంకా చిన్నవాడు. వాడి కోసం ఆమె సహగమనం మానుకుంది. 1689లో ఆ కొడుకూ మశూచితో పోయాడు. కోడలు చిన్న ముత్తమ్మ అప్పటికి నిండు చూలాలు. భర్త వెంటే పోతానన్న ఆ పిల్లను కాన్పయ్యేదాకా ఎలాగో ఆపారు. మగబిడ్డ పుట్టాడు. కొన్నాళ్లకే ఆమె ప్రాణం తీసుకుంది.

ఆ పసివాడి పేరు మీద మంగమ్మ తిరుచిరాపల్లి నుంచి సుమారు పదిహేనేళ్లు ఏలింది. గెలవలేని మొగలులకు కప్పం కట్టి రాజ్యం కాపాడుకుంది. తిరువాన్కూరు మీదికి, తంజావూరు మీదికి సేనలు పంపింది. బాటలు వేయించి చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది.

మనవడు ఎదిగాడు. అధికారం చేతులు మారేటప్పుడు గొడవ జరిగింది. ఆమెను చెరలో పెట్టారనీ, కంటికి కనబడేలా, చేతికి అందకుండా అన్నం పెట్టి ఆకలితో చంపారనీ జనం చెప్పుకుంటారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. కానీ నా స్వగతం జరిగేది ఆ గదిలోనే.

మొదటి ప్రతిలో ఆమె చేత మనవణ్ణి తిట్టించాను, బాగా ఏడిపించాను. మేడం చదివి ఒకే మాట అడిగారు, ఆమె ఎవరితో మాట్లాడుతోందని. నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

మనవడితో అనుకుంటే అది ఫిర్యాదు అవుతుంది. దేవుడితో అనుకుంటే ప్రార్థన అవుతుంది. ఆమె లెక్క చెప్పుకోవాల్సింది కోడలికి. తను బిడ్డ కోసం బతికింది. అదే దారి కోడలికి చూపించలేకపోయింది. ఆ తల్లి వదిలి వెళ్లిన బిడ్డను ఎత్తుకుని పెంచింది, వాడి సింహాసనం వాడికోసమే దాచింది. మరి వాడు పెద్దవాడయ్యాక ఇవ్వడానికి చెయ్యి ఎందుకు రాలేదు? వాడికి చేతకాదన్న భయమా? ఏలడం అలవాటైపోయిందా? రెండూ నిజమే అయ్యుంటాయి. ఆ రెంటి మధ్య నలగడమే ఆమె విషాదం అని నాకు అనిపిస్తోంది.

ఆ మనవడు మనకు కొత్తవాడు కాదు. దక్షిణాంధ్ర యుగం పాఠంలో శ్రీరంగ మాహాత్మ్యం వచనంలో రాసిన విజయరంగ చొక్కనాథుడు ఆయనే. ఆయన పేరు పరీక్ష కోసం బట్టీ పట్టిన రోజుల్లో, ఆ బిడ్డను పెంచిన చేతులు ఎవరివో నేను ఆలోచించలేదు.

రెండో ప్రతి పూర్తయింది. ఇందులో మంగమ్మ ఏడవదు. ఎదురుగా ఉన్న అన్నం వైపు చూడకుండా, కోడలితో మాట్లాడుతుంది. రిహార్సల్‌కు రండి. ఆమె పక్షాన మరీ ఎక్కువగా వాదించానేమో మీరే చెప్పాలి.