పాల్ రోబ్సన్ - ఒక నదీగీతము

పద్యనాటకములకు అలవాటుపడిన మన తెలుగువారికి ఒక విషయము వేరుగ చెప్పనక్కరలేదు. పాత్ర చిన్నదైనను, నటుని కంఠమున బలమున్నచో, ఒక్క పద్యముతో అతడు సభనంతయు తన వశము చేసికొనును. అమెరికా సంగీత నాటకరంగమున ఇట్టి ఘనత పొందిన వారిలో పాల్ రోబ్సన్ అగ్రగణ్యుడు. 'షో బోట్' అను సుప్రసిద్ధ నాటకమున అతనిది కథానాయక పాత్ర కాదు. నదీతీరమున బరువులు మోయు జో అను కూలివాని పాత్ర. ఐనను నేడు ఆ నాటకము పేరు వినినంతనే రసికులకు ముందుగ స్ఫురించునది ఆ కూలివాడు నదినిగూర్చి పాడిన పాటయే. ఆ పాట అతనికి కీర్తినిచ్చెను. అతడును ఆ పాటకు క్రొత్త అర్థమునిచ్చెను. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలోనే అతని జీవితసారమంతయు ఇమిడియున్నది.

రోబ్సన్ 1898వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి ప్రిన్స్‌టన్ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం డ్రూ రోబ్సన్ పుట్టుకచే బానిస. నార్త్ కరోలినాలోని దాస్యమునుండి పదునైదవ యేట తప్పించుకొని పారిపోయి, కష్టపడి చదివి, క్రైస్తవ మతబోధకుడయ్యెను. తల్లి ఉపాధ్యాయినిగ పనిచేసిన విద్యావతి. 1904లో ఇంట సంభవించిన అగ్నిప్రమాదమున ఆమె మరణించెను. అప్పటికి పాల్ ఆరేండ్లైనను నిండని బాలుడు. తండ్రి మతబోధకోద్యోగమును కోల్పోయి, కొంతకాలము బండి తోలి సంసారమును నడపెను. అంతటి లేమియందును ఎవరియెదుటను తలవంచరాదనియు, చేపట్టిన పనిని సంపూర్ణముగ నెరవేర్పవలెననియు ఆయన కుమారునికి నేర్పెను.

1915లో రోబ్సన్ విద్యార్థివేతనము సంపాదించి రట్గర్స్ కళాశాలలో చేరెను. ఆ కళాశాల చరిత్రలో అతడు మూడవ నల్లజాతి విద్యార్థి. ఫుట్‌బాల్ జట్టులో చేరబోయిన అతనిని తోటి ఆటగాండ్రే కొట్టి గాయపరచిరి. అతడు వెనుదీయక నిలిచి, 1917, 1918 సంవత్సరములలో అఖిల అమెరికా జట్టునకు ఎన్నికయ్యెను. చదువులోను అగ్రస్థానము పొంది, 1919లో పట్టభద్రులందరి పక్షమున వీడ్కోలు ప్రసంగము చేసెను. పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1923లో పట్టము పొందెను. కాని అతడు చేరిన న్యాయవాదుల కార్యాలయములో ఒక స్టెనోగ్రాఫరు నల్లవాడు చెప్పగా తాను వ్రాసికొనుటకు నిరాకరించెను. రోబ్సన్ ఆ వృత్తినే విడిచిపెట్టెను. దేశమునకు ఒక న్యాయవాది తగ్గెను, లోకమునకు ఒక గాయకుడు లభించెను.

1924లో యూజీన్ ఓనీల్ నాటకములందు నటించి రోబ్సన్ విమర్శకుల మన్నన పొందెను. మరుసటి సంవత్సరము లారెన్స్ బ్రౌన్ పియానో సహకారముతో, బానిసత్వపు దినములలో నల్లజాతివారు పాడుకొనిన భక్తిగీతములను మాత్రమే గానము చేసి ఒక కచేరీ నడపెను. అంతవరకు ఉన్నతవర్గముల సభలందు తగిన స్థానము లేని ఆ పాటలకు దానితో గౌరవము హెచ్చెను.

ఈ కాలముననే 'షో బోట్' రూపొందెను. ఎడ్నా ఫెర్బర్ 1926లో ప్రకటించిన నవలకు ఆస్కార్ హామర్‌స్టైన్ నాటకరూపమును, జెరోమ్ కెర్న్ సంగీతమును కూర్చిరి. మన సురభి కుటుంబములు ఊరూర డేరాలు వేసి నాటకములాడినట్లే, మిసిసిపీ నదిపై ఒక నౌకయే నాటకశాలగ తీరమందలి పట్టణములకు పోయి ప్రదర్శనములిచ్చు నటకుటుంబము కథ ఇది. నౌకాధిపతి కుమార్తె మాగ్నోలియా ఒక జూదరిని వరించి, అతడు విడిచిపోగా, పాటలు పాడి బిడ్డను పెంచుకొనును. నౌకలోని ప్రధాన నటి జూలీ నల్లజాతి రక్తము కలదని బయటపడుటచే, తెల్లవానితో ఆమె వివాహము చట్టవిరుద్ధమై, నౌకను విడిచిపోవలసివచ్చును. వినోదమునకే పరిమితమైయుండిన సంగీత నాటకరంగమున ఇంతటి గంభీరవిషయమును ప్రవేశపెట్టుట ఆ నాటికి సాహసమే.

జో పాత్రను రోబ్సన్‌ను మనస్సునందుంచుకొనియే వ్రాసిరి. కాని 1927 డిసెంబరు 27న న్యూయార్కులో జరిగిన తొలి ప్రదర్శనమునకు అతనికి వీలుపడలేదు. జూల్స్ బ్లెడ్సో ఆ పాత్ర ధరించెను. 1928లో లండన్ నగరమందలి డ్రూరీ లేన్ నాటకశాలలోను, 1932లో న్యూయార్కు పునఃప్రదర్శనములోను రోబ్సన్ ఆ పాట పాడెను. నాటినుండి అది అతని సొత్తేయయ్యెను.

ఈ కథ మూడు పర్యాయములు వెండితెర కెక్కెను. 1929 నాటి చిత్రము నాటకముకంటె నవలనే ఎక్కువగ అనుసరించెను. మూకీగ ఆరంభమై, టాకీల వెల్లువలో శబ్దము చేర్పబడి, నాటకమందలి పాటలు కొన్ని ముందుమాటవలె తగిలింపబడి, అది రెంటికి చెడిన రేవడి యయ్యెను. 1936లో జేమ్స్ వేల్ దర్శకత్వమున వెలువడిన చిత్రమునకు హామర్‌స్టైనే కథనము సమకూర్చెను. రంగస్థలమున పేరొందిన హెలెన్ మోర్గన్ జూలీగను, ఐరీన్ డన్ మాగ్నోలియాగను, రోబ్సన్ జోగను నటించిరి. రోబ్సన్ పాడుచుండగా కెమెరా అతనిచుట్టు తిరిగి ముఖమును సమీపించును. ఆపై కూలీల మోతబరువులు, చెమటోడ్చు దేహములు తెరపై కానవచ్చును. ఐతే ఆ చిత్రముననే తెల్లజాతి కథానాయిక ముఖమునకు నలుపు పూసికొని హాస్యగీతము పాడును. జో సోమరిగ చిత్రింపబడును. కాలపు దోషము ఆ చిత్రమునకును అంటకపోలేదు.

1951లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ వర్ణచిత్రముగ తీసిన మూడవ 'షో బోట్'నకు జార్జ్ సిడ్నీ దర్శకుడు. నౌక వైభవము, వస్త్రముల రంగులు కన్నులపండువుగ నుండును. ఆవా గార్డ్‌నర్ జూలీ పాత్రకు విషాదచ్ఛాయ తెచ్చెను. విలియం వార్‌ఫీల్డ్ నదీగీతమును గంభీరముగ పాడెను. కాని జో పాత్రను ఆ పాటమేరకు కుదించివైచిరి. నాటకమున దంపతులు వార్ధక్యమున కలిసికొందురు. ఈ చిత్రమున బిడ్డ చిన్నదై యుండగనే కలిసికొందురు. కాలము మనుష్యులను దాటి నదివలె సాగిపోవుననెడు భావము దీనితో బలహీనపడెను. ఈ చిత్రముకొరకు హక్కులు కొనిన సంస్థ 1936 నాటి చిత్రమును చాలకాలము ప్రదర్శనకు దూరము చేసెను. అదే చిత్రమును 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిరి. రంగులలో మూడవది మిన్న. ప్రాణములో రెండవదియే మిన్న.

తనకు కీర్తి తెచ్చిన పాటతో రోబ్సన్ సంతృప్తి చెందలేదు. అందు నల్లజాతివారిని కించపరచు పదముండెను. బ్రతుకునకు విసిగి చావునకు జంకు కూలివాని నిస్సహాయత ఉండెను. 1938లో అంతర్యుద్ధమున నలుగుచున్న స్పెయిన్ దేశమునకు పోయి సైనికులయెదుట పాడి వచ్చినవానికి ఆ దైన్యము రుచించునా? 1930వ దశకపు చివరినుండి కచేరీలలో అతడు ఆ చరణములను మార్చి, కడవరకు పోరాడుదుననెడు సంకల్పమును వానిలో నిలిపెను. రాగమదియే, నది అదియే. పాడు మనిషి మాత్రము మారెను. నల్లజాతివారిని తక్కువచేసి చూపు పాత్రలు రోసి 1942 తరువాత చలనచిత్రములను వదలుకొనెను. 1943లో న్యూయార్కున 'ఒథెల్లో'గ నటింపగా ఆ నాటకము 296 ప్రదర్శనములు నడచెను.

జాతివివక్షను ఖండించుటయు, సోవియట్ దేశమును మెచ్చుటయు అతనికి కష్టములు తెచ్చెను. ఆ దేశమందలి దారుణములను బహిరంగముగ ఖండింపకపోవుట అతనిపైగల విమర్శ. అది అకారణమైనది కాదు. కాని దానికి పొందిన శిక్ష మితిమీరినది. 1950లో ప్రభుత్వము అతని పాస్‌పోర్టును రద్దుచేసెను. సభాశాలలు మూతపడెను, లక్ష డాలర్లకు మించిన వార్షికాదాయము కొన్ని వేలకు దిగెను. 1952లో కెనడా సరిహద్దున నిలిచి, ఆవలివైపు చేరిన వేలాది జనులకు పాడెను. 1957లో టెలిఫోను తంత్రులద్వారా లండన్ శ్రోతలకును, వేల్స్ గని కార్మికులకును తన గానము వినిపించెను. 1958లో సుప్రీంకోర్టు తీర్పు ఫలితముగ పాస్‌పోర్టు తిరిగి లభించెను.

ఆ సంవత్సరమే అతని షష్టిపూర్తి. లండన్‌లో 1938 నాటికే అతనితో స్నేహమున్న జవహర్‌లాల్ నెహ్రూ, అమెరికా ప్రభుత్వపు అసంతృప్తిని లెక్కింపక, మన దేశమున జరిగిన ఉత్సవమును బాహాటముగ అభినందించెను. అంతకుముందే కొలంబియాలో చదువుచుండిన భూపేన్ హజారికా రోబ్సన్‌ను కలిసికొని ప్రభావితుడయ్యెను. ఆ నదీగీతపు స్ఫూర్తితో అస్సామీ భాషలో అతడు కూర్చిన పాట తరువాత వంగభాషలోను, హిందీలోను గంగను ఉద్దేశించి మ్రోగెను. జనుల దుఃఖమును చూచియు మౌనముగ ఎట్లు ప్రవహింతువని నదినే ప్రశ్నించు పాట అది.

1963లో స్వదేశమునకు మరలిన రోబ్సన్ అనారోగ్యముచే సభలకు దూరమై, 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను. ఇతరులు వ్రాసిచ్చిన మాటలనే పలుకుట నటుని ధర్మము. ఆ మాటలు తన జాతి గౌరవమునకు తగనివైనపుడు వానిని దిద్దుటయు నటుని ధర్మమేయని అతడు నిరూపించెను. తెరలపై నౌకలు మూడు వచ్చి పోయెను. పాట మాత్రము అతడు దిద్దిన రూపముననే నేటికిని లోకమున నిలిచియున్నది.