బాలల సంగీతగురువు కోదాయ్

శిశువు వ్యాకరణము చదివి మాటలు నేర్చుకొనదు. తల్లి యొడిలో విని నేర్చుకొనును. అట్లే సంగీతమును గూడ బాలుడు తన యాటపాటల నుండియే నేర్చుకొనవలయునని బోధించిన మహనీయుడు జోల్తాన్ కోదాయ్.

ఆయన 1882వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన హంగరీ దేశములోని కెచ్కెమేత్ పట్టణమున జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. తల్లిదండ్రులిరువురును సంగీతప్రియులు. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబము గలాంటా అను చిన్న ఊరిలో ఏడేండ్లు నివసించెను. అచ్చటి పల్లెపిల్లలతో ఆడుచు, వారి పాటలే పాడుచు కోదాయ్ పెరిగెను.

1900లో ఆయన ఉన్నతవిద్యకై బుడాపెస్ట్ నగరము చేరెను. ఆ కాలమున నగరవాసులకు జర్మన్ సంగీతమే గొప్పది. రైతుల పాటలు మోటువి. కోదాయ్ మాత్రము చిన్ననాటి పాటలను మరువలేదు. 1905లో గలాంటా ప్రాంతపు పల్లెలు తిరిగి, పాటలను సేకరింప నారంభించెను. మిత్రుడు బేలా బర్తోక్ గూడ ఈ కార్యమునకు పూనుకొనెను. ఫోనోగ్రాఫు యంత్రముతో పల్లెవాసుల పాటలను మైనపు గొట్టములపై భద్రపరచిరి. 1906లో ఇరువురును కలిసి ఇరువది పాటల పుస్తకమును ప్రకటించిరి.

1907లో కోదాయ్ సంగీత విద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1919లో రాజకీయ విప్లవము సంభవించెను. కూలిపోయిన ప్రభుత్వము క్రింద సంగీతవ్యవహారములను నిర్వహించెనన్న కారణమున ఆయనను విచారించి, పదవికి దూరము చేసిరి. ఆయన ధైర్యము వీడలేదు. 1923లో రచించిన గొప్ప బృందగానము వలన ఆయన కీర్తి విదేశములకు గూడ వ్యాపించెను.

అట్టి కీర్తి నందిన వాని మనస్సును 1925లో ఒక చిన్న సంఘటన కలచివేసెను. కొందరు విద్యార్థినులు మంచి కంఠములతో నాసిరకపు పాటలు పాడుచుండగా ఆయన వినెను. లోపము పిల్లలది కాదు, వారికి నేర్పిన పాటలదని గ్రహించెను. నాటినుండి ఆ మహావిద్వాంసుడు పసిపిల్లలకు పాటలు కూర్చుటను చిన్నతనముగా నెంచక, జానపద గీతములను బాలబృందములకు అనువుగా రచింపసాగెను.

ఆయన పద్ధతి సులభమైనది. పిల్లలు ముందు పాడవలెను. పిదప వ్రాతను చూడవలెను. రెండు మూడు స్వరముల ఆటపాటతో మొదలిడి, ఐదు స్వరముల పల్లెపాటకు, అటుపిమ్మట గొప్ప రచనలకు ఎక్కవలెను. మనము ఏ శ్రుతిలోనైనను 'స'ను ఆధారముగా గొని పాడునట్లే, అచ్చటి బాలలును 'దో'ను ఏ ఎత్తుననైన నిలిపి పాడుదురు. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హస్తసంజ్ఞ కలదు. ఈ సంజ్ఞలు ఇంగ్లండు నుండి గ్రహింపబడినవి. వాద్యము కొనలేని పేదబాలునకు గూడ కంఠము కలదు గదా!

1950లో ఆయన జన్మస్థలమైన కెచ్కెమేత్‌లో ప్రతిదినము పాట నేర్పు ప్రాథమిక పాఠశాల వెలసెను. 1951లో ప్రకటింపబడిన హంగరీ జానపద సంగీత మహాసంపుటములలో మొదటిది బాలల ఆటపాటలదే. 1967 మార్చి 6వ తేదీన కోదాయ్ కన్నుమూసెను. ఆయన పద్ధతి మాత్రము దేశదేశముల పాఠశాలలకు ప్రాకెను. జానపద సంగీతమును కాపాడుటకు అది మేలైన మార్గమని 2016లో యునెస్కో గుర్తించెను.

బాలలారా! మీరు వీధిలో పాడుకొను ఆటపాటను అల్పమని తలపకుడు. సంగీతసౌధమునకు అదియే తొలిమెట్టు.